పాత ఆటల కంప్యూటరు: మరమ్మతా, మార్పా?

విద్యార్థి ఇంట ఉన్న వస్తువులలో నేడు కంప్యూటరుకు ప్రత్యేక స్థానమున్నది. పాఠం వినడానికి, ప్రాజెక్టు నివేదిక తయారు చేయడానికి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి, తీరిక దొరికినప్పుడు ఆటలాడుకోవడానికి ఒకే యంత్రం ఉపయోగపడుతున్నది. ఈ పనులన్నింటిలోనూ యంత్రాన్ని అత్యధికంగా శ్రమపెట్టేది ఆట. వ్యాసం టైపు చేయడానికి పదేళ్ళనాటి కంప్యూటరు సైతం చాలును. నిరుడు వెలువడిన ఆట ఆడటానికి ఐదేళ్ళనాటి యంత్రమే ఆయాసపడవచ్చు. అందువలన కంప్యూటరుకు వయసు మీరినదన్న సంగతి మొట్టమొదట బయటపడేది ఆటలోనే.

ఆ సంగతి బయటపడగానే చుట్టుపక్కల నుండి రెండు సలహాలు వినవస్తాయి. "దీనిని అమ్మివేసి కొత్తది కొనండి" అన్నది ఒకటి. "మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేస్తే చాలును" అన్నది మరొకటి. రెండూ తొందరపాటు సలహాలే. మొదటిది పాటించినవారు ఇంకా పనికివచ్చే భాగాలను చేజేతులా వదులుకొంటారు. రెండవది పాటించినవారు ఖరీదైన కార్డును పాత యంత్రంలో బిగించి, ఆట వేగం ఆశించినంత పెరగలేదని విచారిస్తారు.

ఈ ప్రశ్నను కేవలం వినోదానికి సంబంధించినదిగా భావించడం పొరపాటు. మధ్యతరగతి కుటుంబంలో కంప్యూటరు పదే పదే కొనే వస్తువు కాదు. దానికి వెచ్చించే మొత్తం అనేక ఇళ్ళలో ఒక బిడ్డ చదువు ఖర్చుతో పోటీపడుతుంది. తప్పుగా ఖర్చు పెట్టిన పైకం తిరిగి రాదు. పైగా ఆ యంత్రంపైనే చదువు కూడా ఆధారపడి ఉన్నప్పుడు నిర్ణయం మరింత బాధ్యతతో కూడినదవుతుంది. మరమ్మతు, ఖరీదు, కిఫాయతు అనే మూడు మాటలూ ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి మన ఇళ్ళలో స్థిరపడినవే. ఆ మూడింటికీ సరైన పొత్తు ఎట్లు కుదర్చాలో వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఆట నడిచే తీరు

తెరపై కదిలే ఆట నిజానికి నిశ్చల చిత్రాల వరుస. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సామాన్యమైన మానిటరు సెకనుకు 60 సార్లు తన చిత్రాన్ని మార్చుకొంటుంది. దానికి తగినట్లు ఆట సాఫీగా సాగాలంటే ఒక్కొక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. సెకనుకు 144 సార్లు మార్చుకొనే మానిటరైతే ఆ గడువు సుమారు 6.9 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది.

ఈ గడువులోపల రెండు పనులు జరగాలి. ప్రత్యర్థి ఎటు కదిలినాడు, తూటా ఎక్కడ తగిలినది, గోడ ఎప్పుడు కూలినది అనే లెక్కలను ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్కల ఫలితాన్ని రంగులుగా, వెలుగునీడలుగా చిత్రించేది గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండింటినీ ఒక బండికి కట్టిన జోడెడ్లుగా ఊహించుకోవచ్చు. బండి వేగాన్ని నిర్ణయించేది బలమైన ఎద్దు కాదు, వెనుకబడిన ఎద్దు. వెనుకబడినది ఏదో తెలుసుకోకుండా బలమైనదానికి ఇంకా దాణా పెట్టినందువలన ప్రయోజనం లేదు.

తక్కిన భాగాలది సహాయక పాత్ర. ర్యామ్ అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని చేతికందేలా ఉంచుతుంది. హార్డ్ డిస్క్ గాని, ఎస్‌ఎస్‌డీ గాని నిలువ గాదె వంటిది. ఎస్‌ఎంపీఎస్ అందరికీ విద్యుత్తు పంచుతుంది. ఇక మదర్‌బోర్డు ఎవరెవరు కలసి పనిచేయగలరో నిర్ణయిస్తుంది. వేగం విషయంలో దాని వంతు స్వల్పమే. అయినప్పటికీ యంత్రాన్ని మెరుగుపరచవచ్చునా, మార్చివేయాలా అనే వివాదంలో చివరి తీర్పు చాలాసార్లు మదర్‌బోర్డుదే అవుతుంది. కారణం మున్ముందు తెలియగలదు.

ముందు వ్యాధి నిర్ణయం

వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. కంప్యూటరు విషయంలో నాడి చూడటం కష్టమైన పని కాదు, ఖర్చుతో కూడినదీ కాదు. ఆట నడుస్తుండగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరచి చూస్తే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటి ఎంత శాతం శ్రమిస్తున్నవో కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు 95 శాతానికి పైగా శ్రమిస్తూ ఉంటే వెనుకబడిన ఎద్దు అదే. కార్డు 60 శాతం వద్ద తీరికగా ఉండి ఆట మాత్రం తడబడుతూ ఉంటే అనుమానించవలసినది ప్రాసెసర్‌ను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రాసెసర్‌లో అనేక కోర్లు ఉంటాయి. వాటిలో ఒక్క కోరు పూర్తిగా అలసిపోయి, తక్కినవి ఊరకే ఉన్నా మొత్తం సగటు తక్కువగానే కనిపిస్తుంది. ఆ సగటును చూసి ప్రాసెసర్ బాగానే ఉన్నదని భ్రమపడరాదు.

దీనిని సరిచూసుకొనే మార్గం మరొకటి ఉన్నది. ఆట అమరికలలో తెర స్పష్టతను తగ్గించి చూడాలి. 1920 అడ్డంగా, 1080 నిలువుగా ఉన్న తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. కార్డు ఆ చుక్కలన్నిటికీ రంగు లెక్కించాలి. స్పష్టత తగ్గితే కార్డుకు పని తగ్గుతుంది, ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. తగ్గించిన వెంటనే ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే లోపం కార్డుది. పెరగకపోతే లోపం ప్రాసెసర్‌ది. ఈ లెక్క తిరగవేసినా వర్తిస్తుంది. 4కే మానిటరులో చుక్కల సంఖ్య 82,94,400, అనగా సరిగ్గా నాలుగు రెట్లు. యంత్రం బాగానే నడుస్తున్నదని మానిటరును మాత్రం 4కేకు మార్చినవారు తమ గ్రాఫిక్స్ కార్డును ఒక్కరోజులో ముసలిదానిని చేసినట్లే.

ఆట మొత్తంమీద సాఫీగా ఉండి, కొత్త ప్రదేశంలో అడుగుపెట్టిన ప్రతిసారీ క్షణకాలం ఆగిపోతుంటే ర్యామ్ నిండిపోయినదా, డిస్క్ నూరు శాతం శ్రమిస్తున్నదా అని చూడాలి. అకస్మాత్తుగా కంప్యూటరు మొత్తం ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్‌ను, వేడిని అనుమానించాలి.

ఖర్చు లేని చికిత్సలు

పాతబడినదని నిందపడిన యంత్రాలలో కొన్ని నిజానికి దుమ్ముపట్టినవి మాత్రమే. ఫ్యానులలో, వేడిని వెళ్ళగొట్టే రేకులలో దుమ్ము పేరుకొంటే గాలి ఆడదు. ప్రాసెసర్‌కూ, దానిపై కూర్చున్న హీట్ సింకుకూ మధ్య పూసిన థర్మల్ పేస్టు సంవత్సరాలు గడిచేకొద్దీ ఎండిపోతుంది. వేడి హద్దు మీరినప్పుడు ప్రాసెసర్ తనను తాను రక్షించుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. ఆ హద్దు అనేక ఇంటెల్ ప్రాసెసర్లలో 100 డిగ్రీల సెల్సియస్. మన వేసవిలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు సమీపిస్తుంది కనుక ఈ ప్రమాదం మన ప్రాంతంలో అధికం. జనవరిలో చక్కగా నడచిన ఆట మే నెలలో తడబడితే కొత్త కంప్యూటరు కొనడానికి ముందు క్యాబినెట్ మూత విప్పి చూడటం వివేకం. దుమ్ము దులిపి, కొత్త పేస్టు పూయడానికి అయ్యే ఖర్చు అత్యల్పం.

ర్యామ్ అమరికలోనూ వృథా జరుగుతూ ఉంటుంది. ఒకే 16 జీబీ పలకను పెట్టడం కంటే 8 జీబీ పలకలు రెంటిని సరైన గాడులలో పెట్టడం మేలు. అప్పుడు ప్రాసెసర్‌కు సమాచారం రెండు దారులలో అందుతుంది. గంట నిలువకపోవడం, కంప్యూటరు తెరచిన ప్రతిసారీ తేదీ తప్పుగా చూపడం వంటివి మదర్‌బోర్డుపై ఉన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయిన లక్షణాలు. ఆ చిన్న బ్యాటరీని మారిస్తే సరిపోయేదానికి మదర్‌బోర్డునే అనుమానించరాదు.

2017 నాటి రెండు కంప్యూటర్లు

సిద్ధాంతం కంటే దృష్టాంతం తొందరగా బోధపడుతుంది. 2017లో కొన్న రెండు కంప్యూటర్లను తీసుకొందాం. మొదటిదానిలో ఇంటెల్ కోర్ ఐ5-7500 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు ఉన్నవి. రెండవదానిలో ఏఎండీ రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు ఉన్నవి. తక్కినవన్నీ సమానం. రెంటిలోనూ 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, ఎన్విడియా జీటీఎక్స్ 1060 కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నవనుకొందాం. కొన్ననాడు ఈ రెండూ తమ తరగతిలో మంచి యంత్రాలే.

రెంటికీ వర్తించే మొదటి చికిత్స ఎస్‌ఎస్‌డీ. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుండి 200 మెగాబైట్ల సమాచారం అందిస్తే, సాటా తరహా ఎస్‌ఎస్‌డీ 550 వరకు అందిస్తుంది. మూడవ తరం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 వరకు అందిస్తుంది. చిల్లర చిల్లరగా ఉన్న ఫైళ్ళను వెదకి తేవడంలో ఈ వ్యత్యాసం మరింత అధికం. కంప్యూటరు తెరుచుకోవడం, ఆట మొదలు కావడం, చదువుకు సంబంధించిన పనులు అన్నీ దీనివలన చురుకుపడతాయి. అయితే ఫ్రేముల సంఖ్య మాత్రం దీనివలన పెద్దగా పెరగదని గుర్తుంచుకోవాలి. రెండవ చికిత్స ర్యామ్‌ను 16 జీబీకి పెంచడం. నేటి పెద్ద ఆటలకు 8 జీబీ చాలడం లేదు.

ఇక్కడి నుండి రెండు యంత్రాల జాతకాలు వేరుపడతాయి. ఐ5-7500లో నాలుగు కోర్లు, నాలుగే త్రెడ్లు. నేటి ఆటలలో అనేకం ఆరు కోర్లను ఉద్దేశించి రాసినవి. 2023 సెప్టెంబరులో వెలువడిన కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలు ప్రాసెసర్‌ను బాగా శ్రమపెడతాయి. ఈ ప్రాసెసర్‌ను మార్చుకొందామంటే బీ250 మదర్‌బోర్డు ఏడవ తరాన్ని దాటనివ్వదు. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరం ప్రాసెసర్లకు సాకెట్ చూడటానికి అదే 1151 సాకెట్. అయినను వాటికి 300 శ్రేణి మదర్‌బోర్డు కావాలని ఇంటెల్ సంస్థ నిర్ణయించినది. కనుక ఆ బోర్డుపై దక్కే గరిష్ఠ ప్రయోజనం నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు గల ఐ7-7700 తరగతి మాత్రమే. దానిని సెకండ్ హ్యాండ్‌లో వెదకి కొనడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్లవుతుంది.

రైజెన్ యంత్రం కథ భిన్నమైనది. దాని ఏఎం4 సాకెట్‌ను ఏఎండీ సంస్థ చాలాకాలం కొనసాగించినది. 2022లో 300 శ్రేణి బోర్డులకు సైతం రైజెన్ 5000 ప్రాసెసర్లను అనుమతించినది. అందువలన 2017లో కొన్న బీ350 బోర్డుపై, దాని తయారీదారు తగిన బయోస్ విడుదల చేసి ఉంటే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600ను అమర్చుకోవచ్చు. అదే నెలలో వెలువడిన 5800ఎక్స్3డీకి 96 మెగాబైట్ల మూడవ స్థాయి క్యాష్ ఉండటం చేత ఆటలలో మంచి పేరు వచ్చినది. ఒక్క ప్రాసెసర్ మార్పుతో ఐదేళ్ళ పురోగతి పాత బోర్డుపైకి దిగివచ్చినట్లయినది. ఇక్కడ క్రమం ముఖ్యం. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను నవీకరించాలి, తరువాతనే కొత్త ప్రాసెసర్ బిగించాలి. క్రమం తప్పితే తెర వెలగదు.

ఒకే సంవత్సరంలో, ఒకే విధమైన అవసరానికి కొన్న రెండు యంత్రాలలో ఒకటి మెరుగుదలకు తగినది, మరొకటి మార్పునకు తగినది అయినదంటే దానికి కారణం వయసు కాదు, మదర్‌బోర్డుకు మిగిలిన ఆయుర్దాయం. కనుక "నా కంప్యూటరు ఎన్నేళ్ళది?" అన్న ప్రశ్న కంటే "నా మదర్‌బోర్డు ఇంకా ఎవరికి ఆశ్రయమివ్వగలదు?" అన్న ప్రశ్న విలువైనది.

మొదటి యంత్రానికి కూడా మధ్యేమార్గం లేకపోలేదు. ఇంటెల్ పన్నెండవ తరం నుండి పద్నాలుగవ తరం వరకు గల ప్రాసెసర్లకు డీడీఆర్4 ర్యామ్‌తో పనిచేసే మదర్‌బోర్డులు కూడా వచ్చాయి. అటువంటి బోర్డును, ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్ వంటి ప్రాసెసర్‌ను కొంటే పాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కార్డు, క్యాబినెట్ అన్నీ దాని వెంట నడుస్తాయి. డీడీఆర్5 ర్యామ్ మాత్రమే గల బోర్డుకు పోతే పాత ర్యామ్ చెల్లదు. ఈ రెంటి గాడులూ వేరు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ కారణంగా ర్యామ్ ధరలు తీవ్రంగా పెరిగినందున, ఇంట ఉన్న ర్యామ్‌ను కాపాడుకోవడం చిన్న ఆదా కాదు.

కార్డు కొనేవారు గమనించవలసినవి

గ్రాఫిక్స్ కార్డు తీసుకొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. మొదటిది విద్యుత్తు. మదర్‌బోర్డు గాడి ద్వారా కార్డుకు 75 వాట్ల వరకు అందుతుంది. ఆరు సూదుల తీగ మరో 75 వాట్లు, ఎనిమిది సూదుల తీగ 150 వాట్లు అందిస్తాయి. 120 వాట్ల జీటీఎక్స్ 1060కి సరిపోయిన ఎస్‌ఎంపీఎస్ కొత్త కార్డుకు చాలుతుందో లేదో సరిచూసుకోవాలి. పేరులేని చౌకరకం ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే తనతోపాటు తక్కిన భాగాలనూ తీసుకుపోగలదు. అందువలన ఇందులో పొదుపు పాటించడం ప్రాకారం కట్టి తలుపు మరచినట్లే.

రెండవది బోర్డుతో సంబంధం. 2022 జనవరిలో వచ్చిన రేడియన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇందుకు మంచి ఉదాహరణ. అది బోర్డుతో నాలుగు దారులలో మాత్రమే మాట్లాడుతుంది. నాలుగవ తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ గల కొత్త బోర్డులో ఆ లోపం అంతగా తెలియదు. మూడవ తరం గల పాత బోర్డులో దారి వెడల్పు సగమై, కొన్ని ఆటలలో వేగం స్పష్టంగా పడిపోతుంది. పాత కంప్యూటరుకు చవకగా సరిపోతుందనిపించే కార్డే పాత కంప్యూటరులో సరిగా పనిచేయకపోవడం విడ్డూరం. మూడవది కొలత. కొత్త కార్డులు పొడవైనవి. క్యాబినెట్ లోపలి కొలత తీసుకోకుండా బజారుకు వెళ్ళరాదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజారులలో సెకండ్ హ్యాండ్ కార్డులు కూడా లభిస్తాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో, నాణేల తవ్వకానికి రాత్రింబవళ్ళు వాడిన కార్డులు ప్రపంచమంతటా పాత సామాను బజారులలోకి వచ్చాయి. పాత కార్డు కొనడం తప్పు కాదు. అరగంటసేపు ఆట నడిపించి, వేడి చూసి, ఫ్యాను శబ్దం విని, వారంటీ మిగిలి ఉన్నదేమో అడిగిన పిమ్మట పైకం ఇవ్వడం కొనేవారి హక్కు.

ల్యాప్‌టాప్‌లలో ఈ స్వేచ్ఛ చాలా పరిమితం. సాధారణంగా వాటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ బోర్డుకు అతికి ఉంటాయి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం అనేక నమూనాలలో మార్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేరు గీసే గీత

యంత్రం గట్టిగానే ఉన్నా, సాఫ్ట్‌వేరు దానిని విడిచిపెట్టిన రోజున అది వృద్ధాప్యంలో పడినట్లే. 2015లో వచ్చిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. నమోదు చేసుకొన్న వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకు అందుతాయని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025లో ప్రకటించినది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండటంతోపాటు ప్రాసెసర్ ఆమోదిత జాబితాలో ఉండాలి. ఇంటెల్ వైపు ఆ జాబితా, స్వల్ప మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరంతో మొదలవుతుంది. మన దృష్టాంతంలోని ఐ5-7500 అందులో లేదు. 2017 నాటి రైజెన్ 5 1600 కూడా లేదు. కాని దాని స్థానంలో 5600 వేసుకొన్న క్షణంలోనే ఆ రెండవ యంత్రం అర్హత పొందుతుంది. ఒకే మార్పుతో వేగం, భద్రత రెండూ సమకూరుతాయి.

కార్డుల విషయంలోనూ ఇట్టి గీతే ఉన్నది. జీటీఎక్స్ 1060 వంటి పాస్కల్ తరం కార్డులకు కొత్త ఆటల కొరకు చేసే డ్రైవరు సవరణలు 2025 అక్టోబరు వరకే అనీ, తరువాత 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామనీ ఎన్విడియా 2025లో తెలియజేసినది. 2024 డిసెంబరులో వెలువడిన ఇండియానా జోన్స్ ఆటకు, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌కు కాంతికిరణాల గమనాన్ని లెక్కించే ప్రత్యేక నిర్మాణం కార్డులో తప్పనిసరి. అది లేని కార్డుపై వాటిని స్పష్టత తగ్గించి ఆడదామన్నా కుదరదు. విండోస్ 11పై వాలరెంట్ ఆటకు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ కావాలి.

దీనికి మరో వైపు కూడా చెప్పాలి. ఇష్టమైన ఆట పాతదే అయి, చదువు పనులు సాఫీగా సాగుతూ ఉంటే ఉచితంగా లభించే లినక్స్‌ను ఆశ్రయించవచ్చు. వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసిన ప్రోటాన్ సహాయంతో విండోస్ ఆటలు అనేకం లినక్స్‌పై నడుస్తున్నాయి. వాలరెంట్ వంటి కొన్ని పోటీ ఆటలు మాత్రం అక్కడ నడవవు.

లెక్క చూసే పద్ధతి

ధరలు నెల నెలా మారుతాయి కాని లెక్క చూసే పద్ధతి మారదు. వెచ్చించిన మొత్తాన్ని, అది తెచ్చిపెట్టే సేవా సంవత్సరాలతో భాగించాలి. ఉదాహరణకు 18,000 రూపాయల మెరుగుదల పాత యంత్రానికి మూడేళ్ళ ఆయుష్షు పోస్తుందనుకొందాం. ఏడాదికి 6,000 అయినది. కొత్త కంప్యూటరుకు 70,000 అయి, పాతదానిని అమ్మగా 10,000 వచ్చి, కొత్తది ఆరేళ్ళు పనిచేస్తుందనుకొందాం. ఏడాదికి 10,000 అయినది. ఇక్కడ మెరుగుదలే లాభం. అదే 18,000 వెచ్చించినా ఆయుష్షు ఏడాదిన్నర మాత్రమే పెరిగేటట్లయితే ఏడాదికి 12,000 పడుతుంది. అప్పుడు మార్పే మేలు.

ఈ లెక్కలో ఒక సవరణ చేయాలి. కొన్న భాగం రేపటి కంప్యూటరులోకి వెంట వస్తుందా, రాదా అన్నది చూడాలి. ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, మానిటరు, క్యాబినెట్ వెంట వచ్చేవి. పాత సాకెట్ ప్రాసెసర్, దాని మదర్‌బోర్డు వెంట రానివి. వెంట వచ్చేదానిపై పెట్టిన రూపాయి కొత్త కంప్యూటరుకు ముందుగా కట్టిన వాయిదా వంటిది. వెంట రానిదానిపై పెట్టిన రూపాయి అద్దె వంటిది. అద్దె ఇచ్చి ఉండటం ఒక్కొక్కప్పుడు అవసరమే, కాని అది అద్దె అని తెలిసి ఇవ్వాలి.

మా అభిప్రాయంలో నిర్ణయానికి నాలుగు ప్రశ్నలు చాలును. వెనుకబడిన భాగం ఒక్కటేనా? దానిని ఈ బోర్డుపైనే మార్చవచ్చునా? మార్చిన తరువాత సాఫ్ట్‌వేరు మద్దతు కొనసాగుతుందా? మొత్తం ఖర్చు కొత్త యంత్రం ధరలో సగానికి లోపల ఉన్నదా? నాలుగింటికీ "ఔను" అని జవాబు వస్తే మరమ్మతు. రెండింటికి గాని అంతకు మించి గాని "కాదు" అని వస్తే మార్పు. ఒక్క ప్రశ్న దగ్గరే చిక్కువస్తే వెంట వచ్చే భాగాలతో మొదలుపెట్టి, తక్కినవాటికి కొంతకాలం ఓపిక పట్టడం ఉత్తమం.

పాత యంత్రాన్ని వీడవలసి వస్తే దానినీ గౌరవంగా సాగనంపాలి. డిస్క్‌లోని సొంత సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయాలి. పనిచేసే యంత్రమైతే లినక్స్ వేసి తమ్మునికో చెల్లెలికో చదువు కొరకు ఇవ్వవచ్చు. పనిచేయనిదానిని చెత్తకుప్పలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు అట్టి సామగ్రిని నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేర్చాలని ఉద్దేశించినవి. సర్క్యూట్ బోర్డులలోని సీసం వంటి లోహాలు నేలలో, నీటిలో కలిసేవే.

విద్యార్థులకు, పాలకవర్గానికి

కళాశాల కంప్యూటరు ప్రయోగశాలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. విద్యార్థి ఇంట ఒక యంత్రానికి వేసే నాలుగు ప్రశ్నలను పాలకవర్గం వరుసలోని యంత్రాలన్నింటికీ వేయవచ్చు. అన్నింటినీ ఒకేసారి అమ్మివేసి కొత్తవి కొనడం గాని, ఒక్కటీ మార్చకుండా కాలం వెళ్ళబుచ్చడం గాని రెండూ తగనివే. ముందుగా బోర్డు పేరు, ప్రాసెసర్ తరం, ర్యామ్ రకం, ఎస్‌ఎంపీఎస్ శక్తి అన్నిటినీ ఒక పుస్తకంలో రాయించితే, ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలినవెన్నో, ప్రాసెసర్ మార్చవలసినవెన్నో, సాగనంపవలసినవెన్నో తేలిపోతాయి. ఆ పని విద్యార్థులకే అప్పగిస్తే వారికి అది పాఠం కూడా అవుతుంది.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత మన పెద్దలు హెచ్చరికగా చెప్పినది. దానిని కొనుగోలుకు మార్గదర్శకంగా తీసుకోరాదు. తండ్రి గాని తల్లి గాని జేబులో చేయి పెట్టక ముందే, యంత్రంలో ఏ భాగం వెనుకబడినదో ఒక కాగితంపై రాసి, దానికి కావలసిన మొత్తం, దానివలన కలిగే ఆయుష్షు, కొత్తదాని ఖర్చు పక్కపక్కన రాసి చూపండి. ఆ కాగితం చూసిన పిమ్మట ఇంటివారు ఔనన్నా, ఒక ఏడాది ఆగమన్నా ఆ మాటలో న్యాయం ఉంటుంది.